జాడీలో పడని బల్లి

దేవసహాయం అయ్యగారి దగ్గర సువార్త పని నేర్చుకుంటున్న ప్రభుదాసు ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అడిగాడు: "అయ్యగారూ, చేసిన తప్పు దేవుడు క్షమించేశాక, దాని ఫలితం మనిషి మళ్ళీ ఎందుకు అనుభవించాలి?"

అయ్యగారికి వాదనలు పడవు. మా సంఘపెద్ద జెకర్యా సంగతి చెప్పారు.

జెకర్యా రోజూ బస్టాండులో సలోమి పచ్చళ్ళ కొట్టు ముందు ఆగేవాడు. రుచి చూస్తానని అరచేతిలో వేయించుకుని నాకేసి పోవడమే గాని, ఏనాడూ కొన్న పాపాన పోలేదు. విసిగిపోయిన సలోమి ఒకరోజు నలుగురిలో, "రుచి తెలిసింది కదా బాబాయ్, ఇక కొనుక్కో" అంది. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. సాయంత్రానికల్లా ఆమె జాడీలో బల్లి పడిందని ఊరంతా చాటాడు. బేరాలు ఆగిపోయాయి. భర్త లేని సలోమి కొట్టు మూసేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని మిరపకోతలకు పోవడానికి సిద్ధపడింది.

అది విన్నాక జెకర్యాకు ముద్ద దిగలేదు. ఆదివారం సంఘం ముందు మోకరించి, బల్లి మాట తన కల్పనేనని ఒప్పుకుని భోరున ఏడ్చాడు. ఆనక కళ్ళు తుడుచుకుని లేచి, "ప్రభువు నన్ను కడిగేశాడు!" అన్నాడు. అందరూ హల్లెలూయ అన్నారు.

స్త్రీల వైపు నుంచి సలోమి లేచింది. "నిన్ను కడిగాడు, సంతోషం బాబాయ్. నా జాడీల్నెవరు కడుగుతారు?"

జెకర్యా దిక్కులు చూశాడు. చివరికి అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు శ్రద్ధగా పాటల పుస్తకం తిరగేస్తున్నారు.

"ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు జెకర్యా.

"బల్లి పడిందన్న నా కొట్టు ముందే కూర్చో. అందరూ చూస్తుండగా నా పచ్చళ్ళన్నీ తిను."

సోమవారం పొద్దున్నే సలోమి మళ్ళీ తెరిచిన కొట్టు ముందు జెకర్యా పీట మీద కూర్చున్నాడు. గోంగూరతో మొదలుపెట్టి, మాగాయ దాటి, పండుమిరపకాయ పచ్చడికి వచ్చేసరికి కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. బస్సు దిగినవాళ్ళు చుట్టూ మూగారు. "ఏం పెద్దాయనా, కారమా, పశ్చాత్తాపమా?" అన్నాడొక కండక్టరు. "బల్లి తోక తగిలిందా?" అన్నారెవరో. అందరూ ఘొల్లున నవ్వారు. జెకర్యా తల దించుకున్నాడు గాని లేచిపోలేదు. "బల్లీ లేదు, గిల్లీ లేదు. అబద్ధమాడింది నేనే" అని ప్రతి బస్సుకూ చెబుతూ, మరో ముద్ద కలిపాడు. ఎగతాళికి వచ్చినవాళ్ళు నోరూరి కొనుక్కుపోయారు. చివరికి సలోమి తనే చెంబెడు మజ్జిగ తెచ్చి, "ఇక చాల్లే బాబాయ్, చచ్చిపోతావు" అంది.

ప్రభుదాసు నవ్వు ఆపుకుంటూ అడిగాడు: "ఇంతకీ దేవుడు అతన్ని క్షమించింది ఎప్పుడంటారు? ఆదివారమా, పచ్చళ్ళన్నీ తిన్నాకా?"

"ఆదివారమే," అన్నారు అయ్యగారు. "లేకపోతే సోమవారం ఆ పీట మీద కూర్చోగలిగేవాడా?"