తిరగలి లంగరు

అనగా అనగా ఒక ఏరు. దానికి పేరు పెట్టే ధైర్యం ఎవరికీ లేక, అందరూ పెద్దేరు అనేవారు. ఈ ఒడ్డున నిలబడి చూస్తే ఆ ఒడ్డున ఉన్న తాటిచెట్టు గడ్డిపరకంత కనబడేది. ఏటికి ఈవల కలువపట్నం. ఏటి నడుమ ఈతలంక. లంకంటే నీళ్ళ మధ్య తేలిన ఇసుక నేల. అక్కడ నలభై తొమ్మిది మంది ఉండేవారు.

కలువపట్నం రేవులో పన్నెండు పడవలు ఉండేవి. పన్నెండో పడవ అచ్చియ్యమ్మది. భర్త పోయాక తెడ్డు ఆమె చేతికి వచ్చింది. అది జరిగి ఇరవై ఏళ్ళు. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. మాట్లాడవలసిన చోట మానేదీ కాదు. ఒక్కగానొక్క కూతురు వెంకాయమ్మను ఈతలంకలోనే ఇచ్చింది.

ఆ రేవులో తాతల నాటి నుంచి ఒక ఆచారం ఉంది. కొత్త తాడైనా, తెడ్డైనా, లంగరైనా ముందు మూడు రోజులు ఏటిలో నానాలి. నాలుగో రోజున గాని దాన్ని పడవకు కట్టరు. దీన్ని వాళ్ళు 'ఏటికి చూపించడం' అనేవారు.

ఒక ఏడు తొలకరి రోజుల్లో కుముదసేన మహారాజుకు ఒక ముచ్చట పుట్టింది. ఏరువాక అయ్యాక వచ్చే ఏటి పండుగకు రేవులోని పడవలన్నీ ఒక్క తీరుగా మెరవాలని. హేమగుప్తుడనే వర్తకుడు ఆ పని తలకెత్తుకున్నాడు. పండుగ నాలుగు రోజులుందనగా బళ్ళు రేవుకు వచ్చాయి. పసుపు పచ్చని తాళ్ళు, ఎర్రరంగు తెడ్లు, నల్లగా నిగనిగలాడే లంగర్లు. ప్రతిదాని మీదా రాజుగారి హంస ముద్ర. పాత సామానంతా కోటకు అప్పగించాలని దండోరా వేశారు. అందరూ అప్పగించారు.

పడవవాళ్ళు ఆ సామాను చూసి నోరు తెరిచారు. చేతులు తుడుచుకుని గాని ముట్టుకోలేదు. ఇంత అందమైన వాటిని బురదనీటిలో ముంచడానికి వాళ్ళకు మనసొప్పలేదు. రేవు పాకలో దండెం కట్టి వేలాడదీశారు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, సాంబ్రాణి పొగ వేశారు. తడి తగలకుండా పాక మీద మరో పొర తాటాకు కూడా కప్పారు.

అచ్చియ్యమ్మ తన వంతు సామాను భుజాన వేసుకుని తిన్నగా ఏటిలోకి దిగింది.

"అక్కా! అక్కా! ఏం చేస్తున్నావ్?" అని కేకేశాడు తాతబ్బాయి. అతనిది పదకొండో పడవ.

"ఏటికి చూపిస్తున్నాను."

"రాజుగారి కానుకను అనుమానిస్తే రాజుగారిని అనుమానించినట్టే కదా!"

"నేను రాజుగారిని నానబెట్టలేదురా, తమ్ముడూ. తాడును నానబెట్టాను" అంది అచ్చియ్యమ్మ.

మొదటి రోజు సాయంత్రం తాడు తీసి చూసింది. పసుపు రంగంతా నీటిలో కలిసిపోయింది. తాడు ఉబ్బింది. గట్టిగా లాగితే 'పుటుక్కు'మంది. విప్పి చూస్తే పైన ఒక్క వరస కొబ్బరి పీచు, లోపలంతా వరిగడ్డి.

ఆ తెగిన ముక్క పట్టుకుని ఆమె హేమగుప్తుడి కొట్టుకు వెళ్ళింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తాడు మంచిదేనమ్మా. తప్పు నీటిది" అన్నాడు.

అచ్చియ్యమ్మ తిరిగి వచ్చింది. తాడు మొత్తం విప్పి గడ్డి పారేసింది. మంచి పీచు ఏరి, ఒక కొస గుంజకు కట్టి, తడిచేతులతో మళ్ళీ పురి పెట్టింది. ప్రతి మూడు బారల తాడు విప్పితే ఒక్క బార తాడు వచ్చింది. బొటనవేలంత లావుంది. అంతా పీచే.

రెండో రోజు తెడ్లు తీసింది. ఎర్రరంగు పెచ్చులుగా లేచింది. కర్రకూ రెక్కకూ నడుమ గోరు పట్టేంత సందు కనబడింది. ఒక్క మేకు, కాస్త లక్క, పైన రంగు. అంతే.

ఈసారి హేమగుప్తుడు తెడ్డును ముట్టుకోనైనా లేదు. "మొరటు చేతులమ్మా మీవి. సుకుమారంగా వెయ్యాలి" అన్నాడు.

అచ్చియ్యమ్మ వెదురు చీల్చింది. విరిగిన ఎముకకు కట్టు కట్టినట్టు ప్రతి తెడ్డు మెడకూ రెండు పక్కలా బద్దలు పెట్టి, ఎండిన పీచు దారం బిగించి చుట్టింది. ఎండిన పీచు తడిస్తే ఇంకా బిగుస్తుందని ఆమెకు తెలుసు.

మూడో రోజు లంగరు కోసం వెళ్ళింది. నీటి అడుగున ఉండవలసిన లంగరు నీటి మీద తేలుతోంది.

ఇరవై ఏళ్ళలో ఆమె ఏటి మీద తేలగా చూసినవి చాలా ఉన్నాయి. లంగరు తేలగా చూడడం అదే మొదలు. ఒడ్డుకు లాగి చూసింది. పైన పలచని ఇనుప రేకు, లోపల బూరుగు కర్ర, బరువు కోసం నడుమ నింపిన బంకమన్ను. మన్ను కరిగి ఏట్లో కలిసింది. కర్ర తేలింది.

హేమగుప్తుడు కాస్త చిరాకు పడ్డాడు. "లంగరు ఇచ్చింది పండుగ నాడు పడవ ముందు నిలబెట్టడానికి. ముంచమని నీకెవరు చెప్పారు?"

అచ్చియ్యమ్మకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఇంటికి వెళ్ళి, తల్లి ఇచ్చిన తిరగలి కింది రాయిని దొర్లించుకుని వచ్చింది. దాని నడిమి కన్నంలోంచి చింతకొమ్మ పంగ ఒకటి దూర్చి, ఊడిపోకుండా అడ్డుచీల కొట్టింది. రాయి బరువుకు మునుగుతుంది. పంగ అడుగు బురదను పట్టుకుంటుంది.

రేవంతా విరగబడి నవ్వింది.

"అక్క లంకలో పిండి విసరబోతోందిరోయ్!" అన్నాడు తాతబ్బాయి. "అప్పాలెప్పుడక్కా?"

"నీ సామాను కూడా తడిపి చూడరా" అంది ఆమె. "ఇవాళ ఒక్క రోజైనా."

"బొట్టు చెరిగిపోతుందక్కా!"

నాలుగో రోజు పండుగ. పొద్దున్నే మహారాజు పరివారంతో రేవుకు వచ్చాడు. సన్నాయి మోగుతోంది. పదకొండు పడవలు పెళ్ళికూతుళ్ళలా మెరుస్తున్నాయి. మహారాజు ఊరేగే పడవ అదే సామానుతో ఇంకా గట్టు మీదే ఉంది. పన్నెండో పడవ చివర ఉంది. వెలిసిన తెడ్లు, సన్నని తాడు, ముందు తిరగలి రాయి. మహారాజు దాన్ని చూసి కనుబొమలు ముడిచాడు. హేమగుప్తుడు ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

అప్పుడు సన్నాయి ఆగింది. ఆపమని ఎవరూ చెప్పలేదు. వాయించేవాడి అరికాళ్ళ కింద నేల అదిరింది.

ముందు చప్పుడు రాలేదు. ముందు రంగు వచ్చింది. ఎగువ నుంచి నీళ్ళు ఇటుక రంగుకు తిరుగుతూ వచ్చాయి. కొంగలు ఒక్కుమ్మడిగా లేచి, అరవకుండా వెళ్ళిపోయాయి. అవతలి ఒడ్డు తాటిచెట్టు ఉన్నచోట ఏమీ లేదు. రేవు స్తంభానికి నీటి ఎత్తు చూసే ఏడు గంట్లు ఉంటాయి. అన్నం కుండ ఒక పొంగు వచ్చేంత సేపట్లో నీళ్ళు రెండో గంటు నుంచి నాలుగో గంటుకు ఎక్కాయి. వేళ్ళతో సహా లేచిన మహావృక్షాలు నిటారుగా నిలబడే వెళుతున్నాయి, ఊరేగింపులో దేవుళ్ళలా. మహారాజు తనకు తెలియకుండానే తలమీది కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు.

"లంకలో ఎంతమంది?" అని అడిగాడు చివరికి.

"నలభై తొమ్మిది మంది, మహారాజా" అంది అచ్చియ్యమ్మ. "అందులో నా కూతురొకతె. ఆరో గంటు దాటితే లంక ఉండదు."

"అన్ని పడవలూ వెళ్ళాలి!" అన్నాడు మహారాజు.

పడవవాళ్ళు పిరికివాళ్ళు కారు. పన్నెండు పడవలూ కదిలాయి. వంద బారలు వెళ్ళకముందే మొదటి తెడ్డు మెడ దగ్గర విరిగింది. ఆ పడవను ఆపుదామని లంగరు వేస్తే అది రాయి తగిలి డొల్లగా మోగింది, మన్ను కక్కింది. దానికి తాడు విసిరిన పడవ తాడు తెగి వెనక్కి తిరిగింది. ఒకటి తరువాత ఒకటిగా ఏరు పదకొండు పడవలనూ దిగువ ఒడ్డు బురదలోకి నెట్టేసింది. మనుషులు పాక్కుంటూ గట్టెక్కారు. తాతబ్బాయి మాత్రం గట్టెక్కలేదు. చేతిలో విరిగిన కర్రతో ఈది వచ్చి అచ్చియ్యమ్మ పడవలో పడ్డాడు.

"అక్కా..."

"ముందు తెడ్డు పట్టు" అంది ఆమె. "తరవాత మాట్లాడు."

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఒక దుంగ వచ్చి తాతబ్బాయి తెడ్డును కొట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. తెడ్డు వంగింది, మూలిగింది, విరగలేదు. తడిసిన పీచు దాని మెడను పిడికిలిలా పట్టుకుంది.

లంక మీద వెంకాయమ్మ అందరినీ మూడు వరసలుగా నిలబెట్టి ఉంది. తల్లి కూతుర్ని చూసింది. ఎక్కమని చెయ్యి చాచింది.

"ముందు పిల్లలమ్మా" అంది వెంకాయమ్మ.

అచ్చియ్యమ్మ ముందు పిల్లలను ఎత్తి పడవలో వేసింది. పదిహేడు మందిని ఎక్కించుకుని తిరిగింది. వెనక్కి చూడలేదు.

రెండోసారి వెళ్ళేసరికి లంకకు ఒడ్డు లేదు. ఈతచెట్ల మొదళ్ళు నీళ్ళలో ఉన్నాయి. తాడు ఒక చెట్టుకు చుట్టి పడవను ఆపింది. ఏరు పడవను లాగింది. తాడు బిగిసి తంబుర తీగలా మోగింది. దానిలోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పిండినట్టు కారాయి. ముసలివాళ్ళు ఒక్కొక్కరే ఎక్కుతున్నంతసేపూ ఆ మోత ఆగలేదు. తాడు తెగలేదు.

"ఇంకెంతమందే?" అని అరిచింది అచ్చియ్యమ్మ.

"పదిహేను మందిమి! వస్తావుగా?"

"వస్తాను."

మూడోసారి వెళ్ళేసరికి నీళ్ళు ఆరో గంటు దగ్గర ఉన్నాయి. మిగిలిన పదిహేను మంది మెడలోతు నీటిలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. చివరగా ఎక్కింది వెంకాయమ్మ. తల్లి ఆమె జుట్టు ముడి పట్టుకుని పడవలోకి లాగింది.

నడి ఏట్లోకి వచ్చారు. అప్పుడు ఎగువ నుంచి ఒక మర్రంత చెట్టు, కొమ్మలూ వేళ్ళూ తిప్పుకుంటూ, తిన్నగా వాళ్ళ దారికి అడ్డంగా వచ్చింది. ముందుకు వెళితే దాని కింద పడతారు. వెనక్కి మళ్ళే వ్యవధి లేదు.

"తమ్ముడూ, తిరగలి!"

తాతబ్బాయి రాయిని ఎత్తి ఏట్లోకి వేశాడు. తాడు సర్రున జారింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తరవాత అడుగున ఎక్కడో చింతపంగ బురదను కరిచింది. అంత ఏట్లో, అంత పరుగులో, ఆ పడవ ఒక్కటే నిలబడింది.

చెట్టు చేయి చాస్తే అందేంత దూరంలో ముందు నుంచి వెళ్ళింది. దాని కొమ్మ మీద ఒక తాచుపాము, ఒక ముంగిస, ఒక పెట్టకోడి పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి. ఒకదాన్నొకటి చూడడం లేదు. మూడూ ఏటినే చూస్తున్నాయి. పడవలోవాళ్ళు చేతులు జోడించారు. ఎవరికి జోడించారో వాళ్ళూ చెప్పలేరు.

చెట్టు దాటాక లంగరు పైకి రాలేదు. అచ్చియ్యమ్మ మొలలోని కత్తి తీసి తాడు కోసింది. తల్లి ఇచ్చిన రాయి ఏటి అడుగునే ఉండిపోయింది. నలభై తొమ్మిది మందీ గట్టెక్కారు. వాళ్ళు వెనక్కి తిరిగి చూసేసరికి లంక లేదు.

మహారాజు అచ్చియ్యమ్మ తెడ్డును చేతిలోకి తీసుకున్నాడు. వెదురు బద్దల మధ్య తన హంస ముద్ర కనబడింది.

హేమగుప్తుడు ముందుకు వచ్చి, "ప్రభూ, ఇది కనీవినీ ఎరగని వరద..." అన్నాడు.

"ఈ ముద్ర వేసింది నేనే" అన్నాడు మహారాజు మెల్లగా. "తడిపి చూడనిదీ నేనే. ఆ తప్పు నాది. మీ సంగతి మీరే తేల్చండి. మీ తాడు, మీ తెడ్లు, మీ లంగరు ఉన్న పడవ ఒకటి ఇంకా చెక్కుచెదరలేదు. నేను ఊరేగవలసిన పడవ. ఎక్కండి. ఒక్కసారి నడి ఏటి దాకా వెళ్ళి రండి."

హేమగుప్తుడు తాడును చూశాడు. లంగరును చూశాడు. ఏటిని చూశాడు. చెప్పులు విడిచాడు. కాసేపు నిలబడ్డాడు. మళ్ళీ చెప్పులు తొడుక్కున్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయన తలవంచుకుని జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి ఆ రాజ్యంలో పడవ సామాను ఎవరు అమ్మినా, దాన్ని మూడు రోజులు ఏటికి చూపించి, నాలుగో రోజున తామే ముందు ఆ పడవెక్కాలని చట్టం అయింది.

వరద తీసిన వారానికి తాతబ్బాయి ఒక కొత్త తిరగలి నెత్తిన పెట్టుకుని అచ్చియ్యమ్మ ఇంటికి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి.

"నీ రాయి ఏట్లో పోయింది కదక్కా. ఇదిగో. అప్పాలు వండు."

అచ్చియ్యమ్మ రాయిని తట్టి చూసింది. "ఏట్లో పడెయ్యి. మూడు రోజులయ్యాక తెద్దాం."

"రాయిని కూడానా అక్కా!"

"తెచ్చింది నువ్వు కదరా" అంది అచ్చియ్యమ్మ. లోపల వెంకాయమ్మ పకపకా నవ్వింది.

తాతబ్బాయి రాయిని మళ్ళీ నెత్తికెత్తుకుని ఏటి వైపు నడిచాడు.

కాబట్టి పిల్లలూ, తాను ఎక్కడానికి జంకే పడవను ఎవరూ మరొకరికి ఇవ్వకూడదు. ఎంత మెరిసినా, తడిపి చూడని తాడుకు ప్రాణాలు కట్టకూడదు.