పువ్వు గుర్తు కెమెరా

వరాహ నది ఒడ్డున లక్కబొమ్మలు చేసే ఒక ఊళ్ళో భాస్కరాచారి అనే మంచి పనివాడు ఉండేవాడు కానీ, ఏం చేసినా నలుగురూ తనవైపు తల తిప్పి చూడాలన్న యావ అతనికి కాస్త ఎక్కువగా ఉండేది.

సైకిలు కొంటే ఊళ్ళో ఎవరికీ లేని రంగు వెతికి మరీ కొనేవాడు. మణికట్టు మొత్తం కప్పేసేంత గడియారం పెట్టుకునేవాడు. ఎవరైనా టైము అడిగితే, "ఇది ఆగిపోయి చాలా రోజులైంది, బాగు చేయించాలి" అనేవాడు. పనిలో మాత్రం అతనికి వంక పెట్టడానికి ఉండేది కాదు. లేతు మీద అంకుడు కర్ర తిప్పి, రంగులక్క అద్ది, మొగలి ఆకుతో మెరుగు పెట్టాడంటే బొంగరం అద్దంలా నిగనిగలాడేది.

సెల్‌ఫోన్లలో కెమెరాలు ఇంకా అంతంతమాత్రంగా ఉన్న రోజులవి. బెంగళూరులో చేతివస్తువులు అమ్మే దుకాణం నడుపుతున్న వసుంధర అనే ఆమె ఒకనాడు ఆ ఊరు వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి బొమ్మలు చూసింది. లక్కపిడతల సెట్టు ఒకటి ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా మురిసిపోయింది. వెళ్ళేముందు పనివాళ్ళందరినీ కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది.

"ఏటా మా దుకాణం తరఫున ఒక రంగుల పుస్తకం వేస్తాం. దేశంలో ఎక్కడెక్కడి వాళ్ళో అది చూసి సరుకు తెప్పించుకుంటారు. ఈసారి మీ బొమ్మలకు నాలుగు పేజీలు ఉంచుతాను. ఫొటోలు మాత్రం మీరే తీసి పంపాలి. నెలన్నర గడువు. ఒక్కటే మాట, చేతిలో బొమ్మ ఎలా ఉందో ఫొటోలోనూ అలాగే ఉండాలి. రంగు మారిందంటే కొన్నవాళ్ళు సరుకు వెనక్కి పంపేస్తారు."

ప్లాస్టిక్ బొమ్మలు వచ్చాక ఆ ఊళ్ళో అప్పటికే మూడు లేతులు మూలపడ్డాయి. నాలుగు పేజీలు అంటే పన్నెండు కుటుంబాలకు ఏడాది పొడుగునా పని. అందుకని ఇంటికో వెయ్యి చొప్పున వేసుకుని డిజిటల్ కెమెరా కొనాలనుకున్నారు.

"నేను వెళ్తాను. మా బావమరిది పెళ్ళి ఫొటోలు తీస్తాడు. కెమెరాల సంగతి నాకు కొట్టినపిండి" అన్నాడు భాస్కరాచారి.

నిజానికి అతను బావమరిది కెమెరాను చూశాడే తప్ప ఎన్నడూ ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళలో బావమరిది ఆ నల్లటి పెద్ద కెమెరా మెళ్ళో వేసుకుని నడిచొస్తుంటే, ఎంతటివాళ్ళయినా పక్కకు జరిగి దారి ఇవ్వడం మాత్రం బాగా గుర్తుంది.

అందరికీ రంగులు కాచి ఇచ్చే కామాక్షమ్మ డబ్బు అతని చేతిలో పెట్టింది. వరసకు అతనికి అత్త అవుతుంది. పసుపు కొమ్ముల నుంచి, ఎర్రటి జాఫ్రా గింజల నుంచి, నీలి ఆకు నుంచి ఆమె తీసినంత చక్కటి రంగు ఆ చుట్టుపక్కల ఎవరూ తీయలేరు.

"మన దగ్గర ఉన్నది ఇంతే నాయనా. నిదానంగా చూసి కొను" అంది.

విశాఖపట్నంలో కెమెరాలు అమ్మే రహంతుల్లా గారి కొట్టు చిన్నదే. ఆయన ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి. భాస్కరాచారి లోపలికి రాగానే కుర్చీ చూపించి, "ఏం ఫొటోలు తీస్తారు బాబూ?" అని అడిగాడు.

"అన్నీ తీస్తాం" అన్నాడు భాస్కరాచారి దర్జాగా.

"అన్నీ అంటే?"

"ముఖ్యంగా బొమ్మలు. మావి లక్కబొమ్మలు. పన్నెండు వేలు తెచ్చాను."

రహంతుల్లా గారు అద్దాల బీరువా తీసి, అరచేతిలో ఇమిడే వెండిరంగు కెమెరా ఒకటి బల్లమీద పెట్టాడు. "మీకు ఇది సరిపోతుంది. జానెడు దూరంలో ఉన్న చిన్న వస్తువును కూడా పూసగుచ్చినట్టు చూపిస్తుంది. దీనికి తోడు చేయి వణక్కుండా ఒక స్టాండు తీసుకోండి. మీరు అనుకున్న దాంట్లో ఇంకా మిగులుతుంది కూడా."

భాస్కరాచారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "సబ్బుబిళ్ళ అంత ఉందేమిటండీ!" అన్నాడు.

అప్పుడే అతని కళ్ళు పై అరలో ఉన్న ఇంకో కెమెరా మీద పడ్డాయి. నల్లగా, బరువుగా, మూరెడు పొడుగు లెన్సుతో ఉంది. ఎవరో వాడి అమ్మేసినది. సరిగ్గా పన్నెండు వేలు.

"అది పక్షుల్ని తీసే ఆయనది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు తెస్తుంది. మీ బొమ్మలు దగ్గరే ఉంటాయి కదా! పైగా ఆ లెన్సుతో చేయి కాస్త కదిలినా బొమ్మ చెదురుతుంది. నా మాట వినండి" అన్నాడు రహంతుల్లా గారు.

భాస్కరాచారి వినలేదు. అప్పటికే పట్టీ మెళ్ళో వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు.

బస్సు దిగి ఊళ్ళోకి వస్తుంటే అతను ఊహించినట్టే జరిగింది. అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడ్డారు. పిల్లలు వెంటపడ్డారు. నదికి అవతలి గట్టున మేస్తున్న గేదెను ఫొటో తీసి, దాని చెవిలో వెంట్రుకలు కూడా కనిపించేట్టు చూపిస్తే అందరూ నోళ్ళు తెరిచారు. వారం రోజులపాటు భాస్కరాచారి కొండమీది గుడిని, కొబ్బరిచెట్టు మీది కాకిని, పడవలో వెళ్ళేవాళ్ళను తీస్తూనే ఉన్నాడు. ఆ వారంలో అతనంత సంతోషంగా ఎవరూ లేరు.

తర్వాత బొమ్మల వంతు వచ్చింది.

బల్ల మీద లక్కపిడత పెట్టి కెమెరా దగ్గరకు తెస్తే, అది గుర్రుమంటూ లెన్సును ముందుకూ వెనక్కూ తిప్పుకుందే తప్ప ఫొటో పట్టలేదు. అయిదడుగులు వెనక్కి జరిగితే పట్టింది కానీ, బొమ్మ పొగమంచులో ఉన్నట్టు వచ్చింది. ఊపిరి బిగబట్టి తీసినా అంతే. ఫ్లాష్ వేస్తే లక్క మెరుపుకి బొమ్మ నడిమధ్య తెల్లటి మచ్చ పడింది. ఇంట్లో లైటు వేసి తీస్తే నీలం బొంగరం ఆకుపచ్చగా, ఎర్ర బొంగరం ఇటుక రంగులో వచ్చాయి.

భాస్కరాచారి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. "పుస్తకంలో వేసేటప్పుడు వాళ్ళే సరిచేసుకుంటారులే" అని తనకు తానే చెప్పుకుని, ఉన్నవాటిలో నయమనిపించినవి సీడీలో వేయించి బెంగళూరు పంపేశాడు.

అయిదో రోజు వసుంధర ఫోన్ చేసింది.

"భాస్కరాచారి గారూ, ఇవి నేను చూసిన బొమ్మలేనా? వీటికంటే బజార్లో ప్లాస్టిక్ బొమ్మలు నయంగా ఉన్నాయి. మీమీద గౌరవంతో పన్నెండు రోజులు ఆగుతాను. అప్పటికి రాకపోతే ఆ పేజీలు వేరే ఊరివాళ్ళకు ఇచ్చేయక తప్పదు. ఏమీ అనుకోవద్దు."

ఆ సాయంత్రం పన్నెండు కుటుంబాల వాళ్ళూ కామాక్షమ్మ పంచలో చేరారు. భాస్కరాచారి కెమెరా వెనక ఉన్న చిన్న తెరమీద ఫొటోలు ఒక్కొక్కటే చూపించాడు. కామాక్షమ్మ కళ్ళజోడు సవరించుకుని, ఆకుపచ్చగా వచ్చిన బొంగరాన్ని చాలాసేపు చూసింది.

"ఇది ఎవరు కాచిన రంగు?" అని అడిగింది.

"నీదే అత్తా."

"కాదు. ఈ నీలానికి నేను నాలుగు రోజులు పొయ్యి దగ్గర కూర్చున్నాను. నా రంగు నాకు తెలియదా?"

ఆమె కోపంగా అనలేదు. మెల్లగా అంది. అందుకే ఆ మాట అతనికి ఎక్కువ తగిలింది. కరెంటు సరిగా లేదనీ, లెన్సుకు దుమ్ము పట్టిందనీ చెబుదామని రెండు మూడు సాకులు సిద్ధం చేసుకుని వచ్చాడు. వాటిని పక్కన పెట్టేశాడు.

"తప్పు కెమెరాది కాదు, నాది" అన్నాడు. "కొట్టు ఆయన మంచి కెమెరానే చూపించాడు. అది చిన్నదిగా ఉందని నేను వద్దన్నాను. ఇది మెళ్ళో వేసుకుంటే గొప్పగా ఉంటుందని తెచ్చాను. ఫొటోలు బాగా రాలేదని తెలిసి కూడా మీకు చెప్పకుండా పంపాను. దీనివల్ల ఎంత నష్టం వస్తే అంతా నా కష్టంతో తీరుస్తాను."

కామాక్షమ్మ లేచింది.

"నష్టం సంగతి తర్వాత చూద్దాం. ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి. రేపు పొద్దున్న మొదటి బస్సుకు వెళ్దాం. నేనూ వస్తాను" అంది.

మర్నాడు రహంతుల్లా గారి కొట్టులో కామాక్షమ్మ తన సంచిలోంచి ఒక గుడ్డమూట తీసి విప్పింది. అందులో నీలం బొంగరం, ఎర్రటి లక్కపిడత, పసుపుపచ్చ గిలక్కాయ ఉన్నాయి. వాటిని బల్లమీద వరసగా పెట్టింది.

"నాకు కెమెరాల గురించి ఏమీ తెలియదు తమ్ముడూ. ఇవి ఇలాగే కనిపించాలి. అంతే" అంది.

రహంతుల్లా గారు నవ్వాడు. "అంతకంటే తెలియాల్సింది ఏమీ లేదక్కా" అన్నాడు.

ఆయన మూడు చిన్న కెమెరాలు తీసి, మూడింటితోనూ అవే బొమ్మల్ని తీసి కంప్యూటరులో పక్కపక్కన చూపించాడు. మొదటిదాంట్లో ఎరుపు మరీ ముదిరింది. రెండోదాంట్లో గిలక్కాయ అంచులు అలుక్కుపోయాయి. మూడోది అంతకుముందు భాస్కరాచారి సబ్బుబిళ్ళ అన్న కెమెరాయే. మూడింటిలోనూ తక్కువ ధర దానిదే. రహంతుల్లా గారు దానిమీద, దగ్గరి వస్తువులను తీయడానికని ఉన్న చిన్న పువ్వు గుర్తు మీట నొక్కి, బొంగరానికి బెత్తెడు దూరంలో పెట్టి తీశాడు. మొగలి ఆకు గీసిన సన్నటి గీతలు కూడా తెరమీద కనిపించాయి. నీలం మాత్రం ఇంకా కాస్త ఆకుపచ్చగానే ఉంది.

"ఈ గదిలో లైటు పసుపుపచ్చది. అది కెమెరాకు తెలియదు. ముందు దానికి తెల్ల కాగితం చూపించి, ఇదీ తెలుపు అని చెప్పాలి" అంటూ ఏదో మీట నొక్కి మళ్ళీ తీశాడు.

"కెమెరాకు కూడా రంగులు నేర్పాలా!" అంది కామాక్షమ్మ. అంటూనే తెర దగ్గరకు వంగింది. బొంగరం వంక చూసింది. మళ్ళీ తెర వంక చూసింది. ఆమె ముఖం విప్పారింది. "ఇదిగో, ఇదీ నా నీలం!" అంది.

భాస్కరాచారి ఈసారి గొప్పలు పోకుండా, ఏ మీట దేనికో రహంతుల్లా గారిని అడిగి ఒక కాగితం మీద రాసుకున్నాడు. పెద్ద కెమెరాను ఆయన ధర కొంత తగ్గించి వెనక్కి తీసుకున్నాడు. ఆ డబ్బుతోనే చిన్న కెమెరా, స్టాండు వచ్చాయి. తగ్గిన మొత్తం తీర్చడానికి భాస్కరాచారి రెండు నెలలపాటు ఆదివారాలు కూడా లేతు దగ్గర కూర్చున్నాడు. వద్దని అందరూ అన్నా ఊరుకోలేదు.

ఫొటోలకు వాడే దీపాలు కొనడానికి డబ్బు లేదు. "వాటి అవసరమూ లేదు. పొద్దున్నపూట నీడపట్టున, ఎండ నేరుగా పడనిచోట తీయండి. కింద తెల్లబట్ట పరవండి" అని రహంతుల్లా గారు చెప్పి పంపాడు. కామాక్షమ్మ పంచ అందుకు సరిగ్గా సరిపోయింది. ఆమె ఉతికిన తెల్లచీర ఒకటి గోడమీద నుంచి బల్లమీదకు పరిచింది. భాస్కరాచారి రోజూ పొద్దున్నే స్టాండు నిలబెట్టి, ముందు కెమెరాకు తెలుపు చూపించి, తర్వాత ఒక్కొక్క బొమ్మనే తీసేవాడు. పన్నెండిళ్ళ వాళ్ళూ తమ బొమ్మల్ని తుడిచి తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆ వారం రోజులూ పంచ పెళ్ళిల్లులా ఉండేది. ప్రతి ఫొటోనూ బొమ్మ పక్కన పెట్టి చూసి కామాక్షమ్మ "ఊఁ" అన్నాకే తర్వాతది.

గడువుకు రెండు రోజుల ముందే సీడీ బెంగళూరు చేరింది. వసుంధర ఫోన్ చేసి, "నాలుగు పేజీలు చాలవండీ, ఆరు చేస్తున్నాను" అంది.

ఉగాది వెళ్ళాక పుస్తకం వచ్చింది. కామాక్షమ్మ మొదటి పేజీ తీసి, వెలుగులోకి పట్టుకుని, నీలం బొంగరం బొమ్మమీద వేలితో రాసి చూసింది. రంగు అంటుకోలేదని తనకే నవ్వొచ్చింది. పుస్తకం చేతులు మారుతూ ఊరంతా తిరిగింది. వానాకాలం వచ్చేలోపు మూలపడ్డ మూడు లేతులకూ నూనె పడింది, పట్టీలు బిగిశాయి. భాస్కరాచారి పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అయినా పేజీలు తిప్పుతున్నంతసేపూ అతని మనసు నిండుగా ఉంది.

కాబట్టి, ఏ వస్తువును కొనేటప్పుడైనా అది మన చేతిలో ఎంత గొప్పగా కనిపిస్తుందని కాదు, మన పనికి ఎంతగా పనికొస్తుందని చూసుకుని కొనాలి.