అధికమాసం జీతం

కోటలూ కొలువులూ ఉన్న రోజుల్లో, బొక్కసానికి కొత్తగా వచ్చిన అధికారి ఏడాదికి పన్నెండు నెలలేనని తేల్చాడు. అధికమాసానికి ఇచ్చిన జీతం పొరపాటనీ, సైనికులు దాన్ని తిరిగి కట్టాలనీ ఉత్తర్వు వేయించాడు.

భటులొచ్చి కుంటికాలి బంటు పైడయ్య పాడిగేదెను విప్పుకుపోయారు. కడుపు మండి, పైడయ్య కర్ర ఊతంగా రాజుగారి కొలువుకు వెళ్లాడు.

"కడతాను దొరా. అయితే ఆ నెల మేం రాజుగారి కొలువులో లేనట్టేనా?"

"లేనట్టే," అన్నాడు రాజుగారి పక్కనే ఉన్న అధికారి.

"నా కాలు విరిగింది ఆ నెలలోనే. నల్లకొండ కోట పట్టిందీ అప్పుడే. కొలువులో లేనివాళ్లం పట్టాం కాబట్టి కోట మాది. తాళాలు ఇప్పించండి, జీతం రేపే కట్టేస్తాం."

రాజుగారు పైడయ్య కాలు వైపు చూసి, అధికారి వైపు తిరిగారు.

పాలు పితికే వేళకు గేదె ఇంటికొచ్చింది. పగ్గం పట్టుకుని తోలుకొచ్చింది అధికారే.