బూదమ్మ వేలిముద్ర

ప్రొఫెసర్ పదవికి కావలసినవన్నీ మురహరి దగ్గరున్నాయి, కోటిలింగం మాస్టారి సిఫారసు ఉత్తరం తప్ప. దరఖాస్తుకు ఇంకా మూడు రోజులే గడువు. ఉత్తరం తనే టైపు చేయించుకుని ఆయన ఇంటికి వెళ్లాడు.

పాత కాగితాలు చదవడం అతనికి నేర్పింది ఆ మాస్టారే. యూనివర్సిటీలో పాఠాలు చెప్పకముందు ఆయన రికార్డు గదిలో గుమాస్తా. ఆనకట్ట కోసం పదకొండు ఊళ్లను ముంచినప్పుడు, గడపగడపకూ తిరిగి జనం వాంగ్మూలాలు రాసుకున్నది ఆయనే. ఆ నాలుగు వేల కాగితాలనూ స్కాన్ చేసి కంప్యూటర్‌కు ఎక్కించి మురహరి పేరు తెచ్చుకున్నాడు.

ఆ సంగతి చెబుతుంటే అతని గొంతులో గర్వం పలికింది. పలకదా మరి, ఆరేళ్ల చాకిరీ. మరకలూ చెమ్మ మచ్చలూ వాటంతటవే తుడిచిపెట్టుకుపోయే ప్రోగ్రాం రాయించానన్నాడు. ఇప్పుడు ఏ అక్షరం కావాలన్నా క్షణంలో దొరుకుతుందన్నాడు.

మాస్టారు అంతా విని, అసలు కాగితాలు ఎక్కడున్నాయని అడిగారు.

బూజు పట్టాయని, స్కానింగ్ అయ్యాక తీసేయించామని, ఆ ఉత్తర్వు మీద సంతకం తనదేనని మురహరి చెప్పాడు. చోటు చాలక, తుడవకముందు తీసిన బొమ్మలు కూడా ఉంచలేదట.

“బూదమ్మది చూపించు,” అన్నారు మాస్టారు.

పెండ్యాల బూదమ్మ. ఊరు వదలనని మూడు రోజులు గడప మీదే కూర్చున్న మనిషి. ఆమె వాంగ్మూలం ల్యాప్‌టాప్ తెర మీద తెల్లగా వెలిగింది. చూపు సరిగా ఆనక, మాస్టారు ముఖం దగ్గరగా పెట్టి వరుస వెంట వరుస వేలు నడిపించారు. అడుగుకు వచ్చాక వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

తర్వాత మాస్టారు స్టాంపు ప్యాడ్ అడిగి తీసుకున్నారు. ఉత్తరం మీద సంతకం పెట్టకుండా, బొటనవేలు సిరాకు అద్ది కింద నొక్కారు.

చేతి వణుకు కాబోలు అనుకున్నాడు మురహరి. అయినా ఆగలేక, “సంతకం, మాస్టారూ...” అని నసిగాడు.

“పెట్టానుగా. నీ ప్రోగ్రాంలో నుంచే పంపు.”

మర్నాడు ఆఫీసులో ఉత్తరం స్కాన్ చేశాడు. మల్లెపువ్వులా వచ్చింది. అక్షరాలన్నీ ఉన్నాయి, కింద మాత్రం ఏమీ లేదు. స్కానర్ అద్దం తుడిచి మళ్లీ చేశాడు. మళ్లీ అంతే.

మూడోసారి చేయలేదు. బూదమ్మ కాగితం తెరిచాడు. అడుగున “పెండ్యాల బూదమ్మ వేలిముద్ర” అని మాస్టారి చేతిరాత ఉంది. పక్కన ఖాళీ. ఇంకో కాగితం తెరిచాడు, ఇంకోటి తెరిచాడు. కరణాల సంతకాలు, పటేళ్ల సంతకాలు చెక్కుచెదరలేదు. వేలిముద్ర వేసినవాళ్ల పక్కన మాత్రం తెల్లటి చోటు. ఆరేళ్లూ అందరూ అక్షరాలే సరిచూశారు, తనతో సహా.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వెళ్లి చూసుకోవడానికి కాగితాలు లేవు, ఊళ్లూ లేవు.

గడువు చివరిరోజు సాయంత్రం మాస్టారింటికి వెళ్లాడు. ఆయన పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు.

“దరఖాస్తు పంపావా?”

“లేదు మాస్టారూ.”

ఒక్క వేలిముద్రనైనా తిరిగి తెప్పించే దారి ఉందేమో అడుగుదామని వచ్చాడు.

మాస్టారు కుళాయి కట్టేసి, తడి బొటనవేలు అతనికి చూపించారు. గీతల్లో ఇంకా నీలం ఉంది.

“మూడు రోజులుగా కడుగుతున్నాను నాయనా. ఇంకా పోలేదు.”