మేకుల జీను

సాగరగిరి రాజ్యంలో చోడిపల్లి మసేనమ్మకు అన్యాయం జరిగింది. ఆశ్వయుజ బహుళ తదియ, మంగళవారం పొద్దున, ఆమె ఇంకా ముంగిట నీళ్ళు చల్లుతూ ఉండగానే, నలుగురు రాజభటులు ఒడ్డుకు వచ్చి ఆమె పడవ కుట్లన్నీ కత్తులతో కోసేశారు. పలకలు దేనికదే విడిపోయి ఇసుకలో పడ్డాయి. ఇదేమిటని అడిగితే "రాజాజ్ఞ" అన్నారు. సిగ్గుమాలిన పని చేసేవాళ్ళకు ఆ మాట ఎప్పుడూ నోటి చివరే ఉంటుంది.

ఆ తీరంలో పడవలను కుడతారు. పలక అంచుకు పలక అంచు చేర్చి, నడుమ గడ్డి కూరి, కొబ్బరి పీచు తాడుతో బిగించి కుడతారు. మేకన్నది ఒక్కటీ ఉండదు. అక్కడి కెరటాలు అలాంటివి మరి. నడిసముద్రంలో పిల్లిలా ఉండి, ఒడ్డు దగ్గరపడగానే తాటిచెట్టంత లేచి విరుచుకుపడతాయి.

ఆ రాజ్యాన్ని ఏలే వజ్రకేతు మహారాజుకు "సముద్రాధీశ్వర" అని బిరుదు. ఆయనకు సముద్రంతో ఉన్న పరిచయమల్లా మేడ మీది కిటికీ వరకే. ఒకసారి పొరుగుదేశపు రాయబారి విందులో నవ్వుతూ, "మీ జాలరులు అతుకుల బొంతల్లాంటి పడవల్లో తిరుగుతున్నారేం ప్రభూ!" అన్నాడు. అంతే, రాజుగారికి ముద్ద గొంతు దిగలేదు.

మర్నాడే శాసనం. "కుట్టు పడవలు వాడరాదు" అని మంత్రి రాయబోతే రాజుగారు ఆపారు.

"పడవలేమిటయ్యా, చప్పగా! మా నోట వచ్చే మాటకు ఒక గాంభీర్యం ఉండొద్దూ? 'ఈ రాజ్యంలో మనిషిని మోసేది ఏదైనా సరే, దానికి కుట్టు ఉండరాదు, మేకులే ఉండాలి' అని రాయి."

మంత్రి రాశాడు. గడువు కార్తీక పౌర్ణమి. ఈలోపల జనానికి భయం ఉండాలని ఒక్క పడవను ముందుగా కోయించారు. భటులకు ఒడ్డున మొదట కనబడింది మసేనమ్మ పడవ.

దానికి బదులుగా రాజుగారు మేకుల పడవ ఒకటి దయచేశారు. లావుపాటి టేకు పలకలు, జానెడేసి మేకులు, ముందు కొసన రాజముద్ర. మసేనమ్మ కొడుకు దానయ్య దాన్ని నీళ్ళలోకి తోశాడు. మొదటి కెరటానికి పడవ మూలిగింది. రెండో కెరటానికి పలకలు మేకుల దగ్గరే ఫెళ్ళున చీలాయి. దానయ్య బతికి బయటపడ్డాడు గాని భుజం విరిగింది. సంగతి కోటకు చేరితే, "నడపడం చేతకాలేదు" అని తేల్చేశారు రాజుగారు, పరుపు మీద పడుకుని.

మసేనమ్మ కోటకు వచ్చి పేరిందేవి ఇల్లు వెతుక్కుంది. పేరిందేవి ఆస్థానంలో కథలు చెప్పే మనిషి. ఆమె నోటికి జడిసి మంత్రులు కూడా ఎదురుపడకుండా పక్క వాకిలి గుండా పోతారు.

"ఏటి సెయ్యాల పాపా?" అంది మసేనమ్మ గుమ్మంలో కూలబడి. "పున్నమొస్తే అందరి పడవలూ కోసేత్తారంట. ఆ మేకుల దాంతో గంగ మీదికెల్తే మగోళ్ళు తిరిగి రారు. ఎల్లకపోతే పిల్లలకి గంజి నేదు."

పేరిందేవి చిన్నతనంలో తండ్రితో ఓడలో వస్తుండగా ఆ తీరంలోనే ఓడ బద్దలైంది. తండ్రి దక్కలేదు. తనను జుట్టు పట్టి నీళ్ళలోంచి లాగింది మసేనమ్మ. కుట్టు పడవలో వేసుకుని ఒడ్డుకు చేర్చి, తన కోక చుట్టి, గంజి తాగించి, ఎవరి పిల్లవని కూడా అడక్కుండా పక్కలో పడుకోబెట్టుకుంది. ఏటేటా కుట్లు మార్చుకుంటూ వచ్చిన ఆ పడవే ఇప్పుడు ఇసుకలో ముక్కలై పడి ఉంది. ఇన్నేళ్ళలో మసేనమ్మ ఒక్కసారి కూడా "నిన్ను నేను బతికించాను" అనలేదు. ఇవాళ, ఇంత కష్టంలోనూ అనలేదు.

"పెద్దమ్మా, ఊరుకో," అంది పేరిందేవి కళ్ళు తుడుచుకుని. "రాజుగారికి సముద్రం సంగతి తల గుండా చెప్తే లోపలికి పోదు. వేరే దారి చూద్దాం."

మర్నాడు నిండు సభలో ఆమె చేతులు జోడించింది.

"మహాప్రభూ! తమ శాసనం చదివి నా ఒళ్ళు పులకరించింది. కాని కోటలోనే అమలు కానిది మాకెందుకని ఊళ్ళో గొణుగుతున్నారట."

రాజుగారి మీసం లేచింది. "ఎవడా కూసింది? కోటలోనూ అమలు జరగాలి! ఆ పని నీకే అప్పగిస్తున్నాం పేరిందేవీ. ఎవరు అడ్డం వచ్చినా, మేమే అడ్డం వచ్చినా, వినకు!"

"చిత్తం ప్రభూ. అందరూ విన్నారు కదా!" అంది ఆమె సభవైపు తిరిగి.

ఏటా క్షీరాబ్ది ద్వాదశి నాడు రాజుగారు గుర్రం మీద ఊరేగుతూ వెళ్ళి సముద్రానికి పసుపు కుంకుమలు సమర్పించడం ఆనవాయితీ. ఆ పొద్దున గుర్రం సిద్ధమై వచ్చింది. వీపు మీద మెత్తటి తోలు జీను లేదు. టేకు పలకల జీను ఉంది, నిండా మేకులతో బిగించి. గుర్రానికి మాత్రం నొప్పి తగలకుండా కింద దుప్పట్లు మడతపెట్టి వేయించింది పేరిందేవి. శాసనం రాసింది గుర్రం కాదు కదా.

"ఇదేమిటే?" అన్నారు రాజుగారు పళ్ళ బిగువున.

"తోలు జీనుకు ఎటు చూసినా కుట్లే ప్రభూ. మనిషిని మోసేదాయె." ఆమె గొంతు తగ్గించింది. "జనం చూస్తున్నారు. ఎక్కండి."

ఎక్కారు. బాకాలు ఊదారు. గుర్రం అడుగు తీసి అడుగు వేసినంతసేపూ రాజుగారు మీసం దువ్వుతూనే ఉన్నారు. అది దౌడు అందుకునేసరికి మీసం వదిలేసి రెండు చేతులతో జూలు పట్టుకున్నారు. గుర్రం పైకి లేస్తే పలక కింది నుంచి తంతుంది, గుర్రం కిందికి దిగితే రాజుగారు ధబీమని పలక మీద పడతారు. వందిమాగధులు "సముద్రాధీశ్వరా!" అని అరిచినప్పుడల్లా జీను మీది నుంచి "అబ్బా!" అని వినబడుతోంది.

ఒడ్డుకు ముందు చిన్న కాలువ ఉంది. గుర్రం దాన్ని దూకింది. పలక మేకుల దగ్గర ఫెళ్ళున చీలింది. సముద్రాధీశ్వరుడు ఇసుకలో బోర్లా పడ్డారు, సరిగ్గా జాలరులందరి ముందు.

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి వాళ్ళు పడ్డ అవస్థ ఎంతటిదో అక్కడున్నవాళ్ళకే తెలియాలి.

రాజుగారు నడుం పట్టుకుని లేచారు. "పేరిందేవీ! బుద్ధి ఉందా? గుర్రమన్నాక ఎగురుతుంది! ఎగిరేదాని మీద బిగదీసిన చెక్క పెడితే పగలక ఏమవుతుంది? తోలు జీనైతే వంగుతుంది, సర్దుకుంటుంది, దాంతో పాటు కదులుతుంది! ఆమాత్రం తెలియదూ?"

పేరిందేవి సముద్రం వైపు తిరిగి చూసింది. అక్కడ తాటిచెట్టంత కెరటం ఒకటి లేచి ఒడ్డు మీద విరుచుకుపడింది. నురగ వచ్చి రాజుగారి పాదాలను తడిపింది.

మసేనమ్మ ముందుకొచ్చింది. "మీ గుర్రం నయం బాబూ," అంది. "దానికి కళ్ళెమైనా ఉంది."

రాజుగారు సముద్రాన్ని చూశారు. చీలిన జీనును చూశారు. కట్టుతో నిలబడ్డ దానయ్య భుజాన్ని చూశారు. అర్థమైన సంగతి ముఖంలో కనబడుతూనే ఉంది, కాని అంత మంది ముందు ఒప్పుకోవడమెలా? అంచేత ముందు పేరిందేవిని ఇరికిద్దామని మసేనమ్మ వైపు తిరిగారు.

"మీ రేవులో పడవలు ఎలా ఎంచుకుంటారమ్మా?"

"ఎవులు ఎంచితే ఆల్లే మొదటి కెరటం ఎక్కాల బాబూ. మాటలకేటి, ఎవులైనా సెప్తారు."

"భేష్! కుట్టు పడవే మంచిదని ఎంచింది మా పేరిందేవి. ఎక్కమను!"

పేరిందేవి ముఖం పాలిపోయింది. తండ్రి పోయిన తరువాత ఆమె ఆ నీళ్ళలో కాలు పెట్టలేదు. మసేనమ్మ పొరుగువాళ్ళ కుట్టు పడవను తోయించి, తానే తెడ్డు పట్టుకుని, చెయ్యి చాపింది. "రా పాపా. నానున్నాను గదా."

ఎక్కింది. మొదటి కెరటం పడవను ఎత్తి కుదేసింది.

"పెద్దమ్మోయ్! పట్టుకుందామంటే ఇదంతా కదిలిపోతోందే!"

"కదల్నీయే! కదలకపోతేనే బయం!"

కాళ్ళ కింద పలకలు వంగాయి, కుట్లు కిర్రుమన్నాయి, మళ్ళీ దగ్గరయ్యాయి. నీళ్ళు కాస్త లోపలికి వచ్చాయి. పడవ మాత్రం చెక్కుచెదరలేదు. చిన్నప్పుడు ఇదే కిర్రుమనే చప్పుడు వింటూ తాను ప్రాణాలతో ఒడ్డుకు చేరిన సంగతి పేరిందేవికి అప్పుడు గుర్తొచ్చింది. తెడ్డు వేస్తున్న ముసలి చేతులకు అక్కడే దణ్ణం పెట్టింది. వెంటనే పక్కకు వంగి పొద్దున తిన్నదంతా కక్కింది.

తిరిగొచ్చేసరికి రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "ఏమే, నోరు గల దానా! ఇప్పుడు చెప్పు కథలు!"

మసేనమ్మ తెడ్డు భుజాన వేసుకుంది. "ఇక మీ వొంతు బాబూ. మేకుల పడవ ఎంచింది మీరే గదా? నిన్ననే ఇంకోటి అంపినారు. తోయమంటారా?"

ఒడ్డంతా ఊపిరి బిగపట్టింది. రాజుగారు కెరటం వైపు చూశారు. నడుం తడుముకున్నారు. అంతలోనే తల వెనక్కి వేసి పకపకా నవ్వారు. ఈసారి జాలరులూ ఆపుకోలేదు.

"వద్దు తల్లీ! రోజుకు ఒక్కసారి పడితే చాలు!"

అక్కడికక్కడే శాసనం రద్దు చేశారు. పేరిందేవిని ఏం కావాలో కోరుకోమన్నారు. కుట్లు కోసిన ఆ నలుగురు భటులే కూర్చుని మసేనమ్మ పడవను మళ్ళీ కుట్టాలి అంది ఆమె. కుట్టారు, మసేనమ్మ తిట్లు తింటూ. రాజుగారు తన మెడలోని హారం తీసి పేరిందేవికి ఇచ్చారు. ఆమె దాన్ని దానయ్య వైద్యానికని మసేనమ్మ ఒడిలో పెట్టి, "ఇప్పటికైనా నన్ను కొంచెం చెయ్యనీ పెద్దమ్మా," అంది. మసేనమ్మ కాదనలేదు.

రేవులో రాతి మీద ఇలా చెక్కించారు: "ఈ తీరాన పడవలు కుట్టుకొనవచ్చును. విరోధికృతు నామ సంవత్సరం, కార్తీక శుద్ధ ద్వాదశి, శుక్రవారం."