పోతురాజు పేనిన రెండో తాడు

అనగనగనగా గోదారి పక్కన ఒక ఊరు కన్నా. ఊరి చుట్టూ తాటితోపులే. ఆ ఊళ్ళో పోతురాజని ఒకడు. రోజూ తెల్లారేసరికి పాతిక చెట్లెక్కి దిగేవాడు. పైన కట్టిన కుండల్లో చేరిన తీపి నీరు అతను దింపితే, వాళ్ళావిడ ఆదెమ్మ కాచి తాటిబెల్లం చేసేది. ఆ బెల్లంతోనే వాళ్ళ ఇల్లు గడిచేది.

ఒకరోజు అప్పుడే వాన వెలిసింది. చెట్టు తలదాకా వెళ్ళాక, నడుముకీ చెట్టుకీ కలిపి చుట్టుకున్న తాడు, అదే మోకు, విప్పి మట్టల మధ్యకి ఎక్కాలి కదా? అక్కడ కాలు జారింది. దబ్బున పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడికాలు విరిగింది. ఎముక అతుక్కుంది, మోకాలు మాత్రం ఇంక వంగలేదు.

అప్పుడు పోతురాజు ఊరుకున్నాడా? ఊతకర్ర పక్కన పడేసి చెట్టు పట్టుకున్నాడు. మొదటిసారి మూరెడు ఎక్కాడు. రెండోసారి నిలువెత్తు ఎక్కాడు. మూడోసారి సగందాకా వెళ్ళి, కాలు వణికి, చెట్టుని కావలించుకుని ఏడ్చాడు. ఎలాగో దిగాడు.

ఆ తర్వాత ఆదెమ్మ చీర బిగించి దోపింది.

"నేనెక్కుతా మావా. కింద నిలబడి ఎలాగో చెప్పు."

"నేను పడ్డ చెట్టు నిన్నెక్కమంటానా ఆదీ?"

"అయితే పడకుండా ఎక్కే దారి నువ్వే చూడు. ఎక్కడ జారుతుందో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

ఆ మాట పోతురాజు మనసులో నాటుకుంది. మోకు విప్పాక కూడా మనిషిని పట్టుకునే రెండో తాడు ఒకటి కావాలనుకున్నాడు. పెరట్లో వేపకొమ్మకి తాడు కట్టి, ఆదెమ్మంత బరువు ఇసక బస్తా వేలాడదీసి పైనుంచి వదిలాడు.

"నేనంత లావా?" అని మూతి తిప్పింది ఆదెమ్మ.

తాటినార తాడు పుటుక్కున తెగింది. ఇంకోటి పేనాడు, ముడి జారింది. అప్పుడు కొబ్బరి పీచు తెచ్చి, అరచేతులు బొబ్బలెక్కేలా మూడు పేటలు పేనాడు. బస్తా ఊగింది గానీ పడలేదు. పదిసార్లు వదిలినా పడలేదు.

ఆ తాడు ఒక కొస నడుముకి కట్టుకుని ఆదెమ్మ ఎక్కింది. పైకి చేరాక, మోకు విప్పేముందు రెండో కొస మట్టల మొదలుకి బిగించేది. "ఎడంకాలు పైకి, ఇప్పుడు మోకు జరుపు" అని పోతురాజు కిందనుంచి చెప్పేవాడు. చెట్లెక్కే మగాళ్ళంతా నవ్వారు.

"ఏం పోతురాజూ, ఆవుని పలుపు కట్టి మేపుతున్నావా?"

అతను పైకే చూస్తూ, అడుగడుగూ చెబుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఒక పొద్దున, మంచుకి తడిసిన మట్ట మీద ఆదెమ్మ కాలు జారింది. పోతురాజు కళ్ళు మూసుకున్నాడు. దబ్బుమన్న చప్పుడు రాలేదు. చూస్తే, ఆదెమ్మ గాల్లో ఊగుతోంది! మట్ట అందుకుని నిలదొక్కుకుంది.

"దెబ్బ తగిలిందా ఆదీ?"

"నాకేం కాలేదు మావా. కుండెడు నీరూ ఒలికిపోయింది!"

ఆ మాట విని పోతురాజు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

ఆ సాయంత్రమే, నవ్విన వాళ్ళలో ఒకడు వచ్చి అరుగు మీద కూచున్నాడు. "అన్నా, నాకూ పిల్లలున్నారు. ఆ తాడొకటి పేనిపెట్టవా?" అన్నాడు. మర్నాడు ముగ్గురొచ్చారు. ఆ తర్వాత పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చారు. పోతురాజు తాళ్ళు పేనాడు, కుర్రాళ్ళకి ఎక్కడం నేర్పాడు.

అతని మోకాలు ఎప్పటికీ వంగలేదు కన్నా. కానీ అతను తాడు పేనడం మొదలెట్టాక, ఆ తోపుల్లో ఒక్క మనిషీ నేల మీద పడలేదు.

కథ వెళ్ళింది కంచికి,
మనం చేరాం ఇంటికి,
నిద్దరేమో నా చిట్టి కంటికి!