తెల్లపొగ పోయిన దారి

లోహవిద్య నేర్పే అభిరామాచార్యులవారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి చెప్పేవారు. ఒకనాడు శిష్యుడు సోమశేఖరం అడిగాడు: "గురువుగారూ, రాయి కరిగించాక మనం పారబోసే మడ్డిలో సగం వెండి ఉండిపోతోందని మీరే అన్నారు. రాతిని ముందు కాల్చి, ఆ తరవాత కరిగిస్తే అదంతా దిగుతుందనీ అన్నారు. మరి మమ్మల్ని ఆ పని ఎందుకు చెయ్యనివ్వరు?"

ఆచార్యులవారు చెప్పిన సంగతి ఇది.

నాగలింగం అనే లోహకారుడు ఒక కొండమీద కొలిమి పెట్టుకున్నాడు. అక్కడి రాయి మొండిది. వెండి, సీసం, గంధకం, పాషాణమనే విషం అందులో ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండేవి. ఎంత మంట పెట్టినా వెండి సగమే దిగేది. నాగలింగం పట్టు విడవలేదు. రాతిని నలగ్గొట్టి, కట్టెలమీద పరిచి, సన్నని సెగన కాల్చి చూశాడు. వెల్లుల్లి మాడిన వాసనతో తెల్లటి పొగ లేచింది. పొగంతా పోయాక కరిగిస్తే మడ్డిలో వెండి దాదాపు మిగల్లేదు. ఇక వేసవంతా కాల్చాడు. గాలి ఆ పొగను అవతలి లోయలోకి తీసుకుపోయేది. తన వైపు రాలేదు గనక దాని సంగతి అతను పట్టించుకోలేదు.

తొలకరి ముందు ఒక మధ్యాహ్నం కట్టెల కోసం ఆ లోయలోకి దిగాడు. ఆకులమీదా బండలమీదా పిండి చల్లినట్టు తెల్లని పొడి. చెట్లకింద తేనెటీగలు కుప్పలుగా చచ్చిపడి ఉన్నాయి. ఎక్కడా పిట్ట కూత లేదు. అంతలో పడమట ఉరిమింది. ఆ లోయలో పడిన ప్రతి చినుకూ కిందనున్న గూడెం చెలమలోకే పోతుందని అతనికి తెలుసు.

కాళ్లకు రాళ్లు కోసుకుపోతున్నా పరుగెత్తాడు. వాన అతని కంటే ముందు దిగింది. అతను చేరేసరికి చెలమ నిండింది, ఆడవాళ్లు బిందెలతో వచ్చి ఉన్నారు.

"ఈ నీళ్లు తాగకండి" అన్నాడు రొప్పుతూ, చెలమకు అడ్డంగా నిలబడి.

పోలమ్మ అనే పెద్దావిడ వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుంది. "తేటగానే ఉన్నాయి గదయ్యా. వాసనా లేదు. ఏముందిందులో?"

ఉన్నది చెబితే కొలిమి ఉండనివ్వరు. నాగలింగం నోరు తెరిచాడు గాని మాట బయటికి రాలేదు. ఆమె అతని మొహం కేసి చూస్తూనే ఆ దోసెడూ తాగేసింది.

"పాషాణం" అన్నాడు అప్పుడు.

బిందెలు చేతుల్లోంచి జారిపోయాయి. పోలమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని, "ఆ మాట ముందే అనకూడదా, నాయనా" అంది మెల్లగా.

ఉప్పునీళ్లు తాగించి కక్కించారు. ఆమె మెలికలు తిరిగిపోతుంటే నాగలింగం గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాడు. లోపల మూలుగు ఆగినప్పుడల్లా లేచి తొంగిచూసేవాడు. ఆమె బతికింది. వేళ్లకు మాత్రం మళ్లీ స్పర్శ రాలేదు. చెయ్యి నిప్పులో పడినా చూస్తే తప్ప తెలిసేది కాదు. గూడెంవాళ్లు చెలమను వదిలి వేరే కొండకు వెళ్లిపోయారు. ఆ తరవాత నాగలింగం పొగ బయటికి పోకుండా పొడవాటి రాతి సొరంగం కట్టాడు. గోడలకు పట్టిన పొడిని గీకి, కుండల్లో పోసి, మట్టితో మూతులు మెత్తాడు.

"వెండి మాత్రం అంతా దిగిందా?" అన్నాడు సోమశేఖరం.

"దిగింది. మేలైన వెండి. కొనేవాళ్లు వచ్చి పట్టుకుపోయారు."

"మరి ఆ కుండలు?"

"వాటికోసం ఎవరూ రాలేదు, నాయనా. ఇప్పటికీ ఎవరో ఒకరు కాపలా ఉండాల్సి వస్తోంది" అన్నారు ఆచార్యులవారు.